డిష్ ఎటు చూస్తోంది

ఆ రోజు వంశీధర్ పెట్టుకున్న పని ఒక్కటే. పొద్దున టెలిస్కోపు హైదరాబాదు మీదుగా పోతున్నప్పుడు అది తీసిన ఫోటోలు దింపుకోవాలి. పంజాగుట్టలోని ఒక చిన్న కంపెనీ అంతరిక్షంలోకి పంపిన బుల్లి టెలిస్కోపు అది. దాని సంకేతాలు అందుకునే డిష్ అమీర్‌పేటలో సారయ్య మేడ మీద, వంశీధర్ అద్దెకుంటున్న గది పక్కనే ఉంది. పెట్టి వారమైనా ఒక్క ఫోటో రాలేదు. ఇవాళా దింపుకోకపోతే టెలిస్కోపు పాతవి చెరిపేసి కొత్తవి దాచుకుంటుంది. "అప్పుడు నీ ఉద్యోగం సంగతి మాట్లాడుకుందాం," అని మేనేజరు వసుమతి ముందే చెప్పింది.

టెలిస్కోపు ఆకాశానికి ఒక అంచున పైకొచ్చి, కాసేపట్లో రెండో అంచున దిగిపోతుంది. డిష్ అది వచ్చే వైపు ముందే తిరిగి ఎదురుచూడాలి. మోటారు గుర్రుమంది. డిష్ కిందికి వంగి, ఎదురింటి కిటికీకి ఎదురుగా ఆగింది. కిటికీలో కాంతవ్వ తల దువ్వుకుంటోంది.

"ఓ పిలగా, వారం సంది చూస్తున్న. గా డిష్ మా ఇంట్లకే ఎందుకు చూస్తది?"

"మీ ఇంటి కోసం కాదండీ, టెలిస్కోపు కోసం," అన్నాడు వంశీధర్, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

కాంతవ్వకు టెలిస్కోపు అన్న మాట ఒక్కటే అందింది. ఆమె భర్త తుకారాం కింద కుట్టు మిషను ఆపి, మెడలో టేపుతోనే వచ్చాడు. దారిలో సారయ్యను వెంటబెట్టుకున్నాడు. మెట్లెక్కేలోపు ఆ మాట "ఆడోళ్ల వీడియోలు తీస్తుండట" అయింది. మూడో అంతస్తు వాళ్లు కూడా కలిశారు.

"టెలిస్కోపు ఏడున్నది? తియ్యి," అన్నాడు తుకారాం.

"ఇక్కడ లేదండీ. పైన, ఐదొందల కిలోమీటర్ల ఎత్తున ఉంది."

"పైకెల్లి సుత చూస్తున్నదా?" సారయ్య ఆకాశం వైపు చూసి లుంగీ సర్దుకున్నాడు. "రూము ఖాళీ చెయ్యి తమ్మీ. ఇజ్జత్ గల్లోళ్లుండే బిల్డింగ్ ఇది."

"కాసేపు ఆగండి సార్, ఇప్పుడే వస్తుంది."

"వచ్చేదేంది, నేనే తిప్పుత," అంటూ తుకారాం డిష్ పైపును రెండు చేతులా పట్టి, తన కిటికీ మీంచి పక్కకు మెలిపెట్టాడు. బిగింపు జారింది. వంశీధర్ కళ్లు మూసుకున్నాడు.

లాప్‌టాప్ కీచుమంది. ఖాళీ తెర నిండా అంకెలు పరుగెత్తాయి.

"అన్నా, వదలకండి. అలాగే పట్టుకోండి," అన్నాడు వంశీధర్.

ఎందుకో తెలియకపోయినా తుకారాం వదల్లేదు. మొదటి ఫోటో తెరుచుకోగానే అందరూ మూగారు. నల్లటి తెర, అక్కడక్కడ తెల్లటి చుక్కలు.

"గివేనా? మనుషులేరి?" అన్నాడు సారయ్య. ఆ గొంతులో కొంచెం నిరాశ ఉంది.

వంశీధర్‌కు అప్పుడు అర్థమైంది. డిష్ బిగించిన రోజు ఇనుప ట్యాంకు స్టాండును ఆనుకుని నిలబడి, ఫోన్ దిక్సూచిలో ఉత్తర దిక్కు చూసుకుని, దాన్నిబట్టే డిష్‌కు దిక్కులు కుదిర్చాడు. ఇనుము పక్కనుంటే ఫోను చూపించే ఉత్తరం ఉత్తరం కాదు. అంటే వారంగా డిష్ టెలిస్కోపును వదిలేసి, నిజంగానే కాంతవ్వ కిటికీలోకి చూస్తోంది.

ఆ ముక్క అతను ఎవరికీ చెప్పలేదు. వసుమతి ఫోన్ చేసి ఏం చేశావని అడిగితే, "కొంచెం సర్దానండీ," అన్నాడు. వంశీధర్ బిగింపు మళ్లీ బిగించాక తుకారాం చేతులు దులుపుకున్నాడు. సారయ్య రూము మాట మళ్లీ ఎత్తలేదు.

గురి కుదిరిన డిష్, దిగిపోతున్న టెలిస్కోపు వెంటే మెల్లగా తిరిగి, పక్క వీధి లేడీస్ హాస్టల్‌కు ఎదురుగా ఆగింది.