పదకొండో నిమిషంలో దగ్గు

ఆ శనివారం ఉదయం చెవులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. క్లినిక్ తొమ్మిదింటికి తెరుస్తారు. ఎనిమిదింబావుకే వెళ్లి, పరీక్ష గదిలో కూర్చుని, ఒక దగ్గు విని, అది ఎన్నో సెకనులో వచ్చిందో కాగితం మీద రాసి, కింద సంతకం చేసి, ముద్ర వేసి, రోడ్డుకు అవతల ఉన్న టైలరు దుకాణంలో ఇచ్చి రావాలి. అంతటితో ఆరు వారాల తగువు తీరిపోతుంది.

ఆయన చెవుల డాక్టరు కాదు. చెవుల డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేసే మనిషి. పాతికేళ్లుగా అదే పని కావడంతో వీధిలో అందరికీ చెవులాయనే అయ్యాడు. టైలరు ఆయనకు బావమరిది. పోయినేడాది కన్నుమూసిన భార్యకు తమ్ముడు.

బావాబావమరుదులిద్దరికీ ప్రాణం ఒక ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు. ఒక్కో పాటను ఇరవై నిమిషాలకు తగ్గకుండా వాయించిన ఐదుగురు మనుషుల బ్యాండు అది. పాట మొదలైనప్పుడు బట్టలు నానబెట్టి, ఉతికి, ఆరేసి వచ్చినా ఇంకా అదే పాట నడుస్తూ ఉంటుందని చెవులాయన భార్య అనేది. అది ఫిర్యాదో, మెచ్చుకోలో ఆవిడ ఎప్పుడూ తేల్చి చెప్పలేదు.

ఆ బ్యాండుకు నాలుగు లైవ్ ఆల్బమ్‌లు ఉన్నాయి. నాలుగింటి మీదా చెవులాయనకు స్థిరమైన అభిప్రాయాలు ఉన్నాయి. మొదటిదాంట్లో డ్రమ్స్ వాయించే ఆయనకు ఏదో రైలు అందుకోవాల్సిన తొందర ఉంది. రెండోదాన్ని స్టూడియోలో ఇస్త్రీ చేశారు. చప్పట్లు కూడా మడత నలగకుండా వినిపిస్తాయి. నాలుగోది వాయించే నాటికి ఐదుగురికీ మోకాళ్లు పోయాయి, ఆ సంగతి పాటలో తెలిసిపోతుంది. మూడోదే అసలైన లైవ్ ఆల్బమ్. టైలరుకు మాత్రం రెండోదంటే ఇష్టం. ఇస్త్రీ చేసినదాన్ని టైలరు ఇష్టపడటంలో వింతేమీ లేదని చెవులాయన దాన్ని క్షమించాడు.

మూడోదాని గొప్పతనం అంతా ఒక దగ్గులో ఉంది. ఇరవై మూడు నిమిషాల పాటలో పదకొండో నిమిషం దగ్గర అన్ని వాయిద్యాలూ ఆగిపోయి, ఆర్గాన్ ఒక్కటే సన్నగా మిగులుతుంది. అప్పుడు ఎడమవైపు నుంచి ఎవరో దగ్గుతారు. పొడి దగ్గు, రెండుసార్లు. మనుషుల మధ్య వాయించిన పాట అని చెప్పడానికి అంతకన్నా ఏం రుజువు కావాలని చెవులాయన అభిమానుల సంఘం పత్రికలో పద్నాలుగు పేజీల వ్యాసం రాశాడు. దగ్గిన మనిషి ఆడమనిషి అనీ, అయిదో వరసలో ఎడమ చివర కూర్చుందనీ, పాట అంతగా నచ్చకపోయినా బహుశా భర్త కోసం వచ్చిందనీ అందులో వివరించాడు. తమకు దగ్గు వినపడలేదని చాలామంది ఉత్తరాలు రాశారు. చెవులు ఒకసారి చూపించుకోమని ఆయన అందరికీ మర్యాదగా జవాబిచ్చాడు. ఆ తర్వాత ఒక్కొక్కరికే వినపడటం మొదలైంది.

చెవులాయనకు ఒక నియమం ఉంది. లైవ్ ఆల్బమ్‌ను ఒంటరిగా వినకూడదు. జనం మధ్య వాయించినదాన్ని జనం మధ్యే వినాలి. అందుకని ఆదివారం పదింటికి టైలరు వచ్చేవాడు, ఇద్దరూ హాల్లో కూర్చునేవారు, భార్య వంటింట్లో తన పని చూసుకునేది. ఆవిడ పోయాక పది నెలలు డిస్కులన్నీ అలమరలోనే ఉండిపోయాయి. తర్వాత ఒక ఆదివారం టైలరు చెప్పకుండా వచ్చి, తనకు నచ్చని మూడోదాన్ని తనే తీసి పెట్టాడు. అది పెద్ద ఉపకారమని చెవులాయనకు తెలుసు.

పదకొండో నిమిషం వచ్చి వెళ్లిపోయింది. దగ్గు వినపడలేదు. పైఇంటి నీళ్ల మోటారు చప్పుడు అడ్డొచ్చిందని చెవులాయన పాటను వెనక్కి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. నాలుగోసారి తిప్పబోతుంటే టైలరు నేల వైపు చూస్తూ, "రికార్డులో దగ్గు లేదు బావా," అన్నాడు.

"రోజంతా కుట్టుమిషను చప్పుడులో కూర్చుంటావు. నీ చెవులు ఒకసారి చూపించుకో," అన్నాడు చెవులాయన, వృత్తిపరమైన అలవాటు కొద్దీ.

టైలరు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆరు ఆదివారాలు రాలేదు. ఆ ఇంట్లో వారం మొత్తానికి వినపడే రెండో గొంతు అతనిది ఒక్కటే. ఈ మాట చెవులాయన ఎవరికీ చెప్పలేదు. ముద్ర వేసిన రుజువు చేతిలో పెడితే బావమరిది మనసు కరుగుతుందని మాత్రం గట్టిగా నమ్మాడు. మనుషులు ఎందుకు అలుగుతారన్న విషయంలో ఆయన అవగాహన ఆ మేరకే ఉండేది.

పరీక్ష గది నిలువుగా పెట్టిన పెట్టెలా ఉంటుంది. లోపలి చప్పుడు బయటికి రాదు, బయటిది లోపలికి పోదు. మాటల పరీక్ష కోసం మిషనుకు ఒక డిస్క్ ప్లేయరు తగిలించి ఉంటుంది. చెవులాయన చేతిరుమాల్లో చుట్టి తెచ్చిన డిస్కు అందులో పెట్టి, మిషను మీటను డిస్కు వైపు తిప్పి, గదిలోకి వెళ్లి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఇది వినడం కాదు, పరీక్ష చేయడం, కాబట్టి నియమానికి భంగం లేదు.

దగ్గు రాలేదు. మూడుసార్లు విన్నాడు. ఆర్గాన్ ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతోంది, దగ్గు మాత్రం లేదు. డిస్కు అదే. మిషనును నిన్ననే సరిచూశాడు. ఇక మిగిలింది తన ఎడమ చెవి. ముప్పై వేల చెవులను పరీక్షించిన మనిషి, తన రెండింటిని పరీక్షించుకునే ధైర్యం లేక, అలాగే కూర్చుండిపోయాడు. చెవి పోతే ఉద్యోగం పోతుంది, అది పెద్ద సంగతి కాదు. బావమరిదిని అన్న మాట ఒకటి ఉంది.

తొమ్మిదింటికి రిసెప్షను అమ్మాయి తలుపు కొట్టి, మొదటి పేషెంటు వచ్చాడని చెప్పింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. వెంట భార్య కూడా ఉంది. ఆరేళ్లుగా ఆయన తన మాట ఒక్కటీ వినిపించుకోవడం లేదనీ, చెవుడో కాదో తేల్చమనీ ఆవిడ కోరింది. చెవులాయన పరధ్యానంగానే హెడ్మాస్టరును గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చి, ఏ చప్పుడు వినపడినా నొక్కమనీ, వినపడినంతసేపూ వదలొద్దనీ ఎప్పటిలా కాగితం మీద రాసి చూపించాడు. తలుపు మూశాడు. మీట వెనక్కి తిప్పడం మరిచిపోయాడు.

మిషను ఆన్ చేయగానే దీపం వెలిగింది. పేషెంటుకు వినపడుతోందన్నమాట. చెవులాయన చప్పుడు తగ్గించాడు. దీపం ఆరలేదు. ఇంకా తగ్గించాడు. డిస్కు నుంచి వచ్చే పాటకు ఆ తగ్గింపు వర్తించదు కాబట్టి లోపల హెడ్మాస్టరు చెవుల్లో ఐదుగురూ పూర్తి బలంతో వాయిస్తున్నారు. ఆకు రాలిన చప్పుడంత స్థాయికి దించినా దీపం వెలుగుతూనే ఉంది. డెబ్బై మూడేళ్ల వయసులో ఈయన చెవులు ఇలా ఉంటే, యాభై ఎనిమిదికే తనవి అలా అయ్యాయని చెవులాయనకు దుఃఖం వచ్చింది. పదకొండు నిమిషాలకు దీపం ఒక్కసారి ఆరి వెలిగింది. దాన్ని స్వల్ప లోపంగా నమోదు చేసి, రిపోర్టు అచ్చు తీసి, ఆవిడ చేతికిచ్చాడు. ఇంత మంచి వినికిడి ఆ క్లినిక్‌లో ఎవరికీ లేదని కూడా చెప్పాడు.

ఆవిడ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"అంటే ఆరేళ్లుగా అన్నీ వినపడే ఊరుకున్నారన్నమాట," అంది.

హెడ్మాస్టరు తృప్తిగా బయటికి వచ్చాడు. "మిషను బాగుంది. కానీ చెవి పరీక్షకు అంతసేపు ఆర్గాన్ ఎందుకండీ?" అని అడిగాడు.

చెవులాయన మీట వైపు చూశాడు. అది ఇంకా డిస్కు వైపే ఉంది. రిపోర్టు తప్పనీ, మిషను సర్ది మధ్యాహ్నం మళ్లీ పరీక్ష చేస్తాననీ ఆవిడకు మూడు రకాలుగా చెప్పాడు. మగవాళ్లూ మగవాళ్లూ ఒకటేననీ, చేతికిచ్చిన కాగితం మధ్యాహ్నానికి మారిపోయే పరీక్ష గురించి తను ఎక్కడా వినలేదనీ ఆవిడ జవాబిచ్చి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఇకమీదట భర్తతో మాట్లాడనని కూడా ప్రకటించింది. ఆ ప్రకటన హెడ్మాస్టరుకు వినపడలేదు.

ఆ గొడవలోనే చెవులాయనకు ఒక ఆశ పుట్టింది. ఈయన పాటంతా పూర్తి శబ్దంతో విన్నాడు. అంటే సాక్షి దొరికాడు. చెవి దగ్గరకు వంగి, గట్టిగా, "మాస్టారూ, మధ్యలో దగ్గు ఏమైనా వినపడిందా?" అని అడిగాడు.

"వినపడింది," అన్నాడు హెడ్మాస్టరు.

చెవులాయన ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. ఎక్కడికో, ఎందుకో హెడ్మాస్టరు అడగలేదు. అడిగి జవాబు వినపడక ఇబ్బంది పడటం కన్నా వెళ్లిపోవడం సులువని ఆయనకు ఆరేళ్ల అనుభవం. ఇంటి తాళంచెవి ఆయన జేబులో ఉండటం వల్ల ఆవిడ కూడా వెనకాలే వచ్చి, దుకాణంలో ఎడమవైపు ఉన్న బెంచీ మీద కూర్చుంది.

టైలరు మెడలో టేపుతో, బల్ల మీద పరిచిన గుడ్డకు సుద్దతో గీతలు గీస్తున్నాడు. తలెత్తలేదు.

"సాక్షిని తెచ్చాను," అన్నాడు చెవులాయన. "ఈయన ఇప్పుడే మూడోది విన్నారు. మాస్టారూ, దగ్గు వినపడిందా లేదా చెప్పండి."

"వినపడింది."

"ఏనుగు ఘీంకరించిందా మాస్టారూ?" అన్నాడు టైలరు గీత ఆపకుండా.

"స్పష్టంగా."

"తుమ్ము?"

"అది కూడా," అన్నాడు హెడ్మాస్టరు, ఏదో మర్యాద జరుగుతోందన్న నమ్మకంతో. అందరూ తన వైపే చూస్తున్నారు కాబట్టి, మాట్లాడమంటున్నారనుకుని, గొంతు సవరించుకుని క్రమశిక్షణ గురించి మొదలుపెట్టాడు. ఆయన మాట్లాడుతుంటే మధ్యలో దూరడానికి సందు ఉండదు. చెవులాయన రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాడు. నాలుగైదు నిమిషాలయ్యాక హెడ్మాస్టరు ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగాడు.

ఎడమవైపు నుంచి దగ్గు వినపడింది. పొడి దగ్గు, రెండుసార్లు.

"అదే," అంటూ చెవులాయన గిర్రున తిరిగాడు. "అదే దగ్గు."

బెంచీ మీద హెడ్మాస్టరు భార్య ఉంది. చెవులాయన ముఖం చూసి ఆవిడ కాస్త మెత్తబడింది. "నాకేం జబ్బు లేదు బాబూ. తాళంచెవి ఇమ్మని పిలిచాను, అంతే. ఈయన మొదలుపెడితే ఖాళీ దొరకదు. దొరికిన చోట దగ్గుతాను. నలభై ఏళ్ల అలవాటు."

చెవులాయన నిలబడే ఉన్నాడు. దుకాణంలో ఎడమ ఎటో, తన హాల్లో ఎడమ ఎటో, స్పీకర్లకు ఎడమ పక్క ఏ గది తలుపు ఉందో ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. టైలరు సుద్ద కింద పెట్టాడు.

"టీ చల్లారిపోతోందని అక్క అలా దగ్గి పిలిచేది బావా. ఆ ఇరవై మూడు నిమిషాల్లో అక్కకు దొరికే ఖాళీ అదొక్కటే. దానికోసం గడియారం చూసుకుంటూ గుమ్మంలో నిలబడేది."

"నీకు ముందే తెలుసా?"

"పదిహేనేళ్లుగా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు పద్నాలుగు పేజీలు రాశావు. అక్క చదివి, 'మీ బావకు చెప్పకురా, అయిదో వరసలో కూర్చోబెట్టారు నన్ను, ఉండనీ' అంది." టైలరు టేపు చివర వేలికి చుట్టుకున్నాడు. "పోయాక ఎలా చెప్పను? నువ్వు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుతుంటే చూడలేక, లేదు అనేశాను."

చెవులాయన బెంచీ అంచు మీద కూర్చున్నాడు. "అయితే నా ఎడమ చెవి బాగానే ఉందన్నమాట," అన్నాడు.

"చెవులకేం బావా," అన్నాడు టైలరు. మంచినీళ్ల గ్లాసు అందించాడు.

మధ్యాహ్నం మీట సరిగ్గా తిప్పి చేసిన పరీక్షలో హెడ్మాస్టరుకు రెండు చెవులూ సగానికి పైగా తగ్గాయని తేలింది. ఆ కాగితం చూసి భార్య ముఖం వికసించింది. భర్తకు చెవుడని తెలిసి అంతగా సంతోషించిన మనిషిని చెవులాయన తన ఉద్యోగంలో చూడలేదు. మరుసటి వారం చెవిమిషను పెట్టుకున్న హెడ్మాస్టరు, ఇంటికి వెళ్లే దారిలో, దగ్గుకు మందేమైనా వాడుతున్నావా అని ఆవిడను ఆందోళనగా అడిగాడట.

ఆదివారం పదింటికి టైలరు వచ్చాడు. మూడోది పెట్టారు. టీ ముందే చేసి మధ్యలో పెట్టుకున్నారు. పదకొండో నిమిషంలో ఎవరూ దగ్గలేదు. ఆ ఖాళీలో ఎవరో కుర్చీ మెల్లగా జరుపుకున్న చప్పుడు వినపడింది. అది నిజంగానే రికార్డులో ఉంది. అన్నేళ్లూ దగ్గు చాటున ఉండిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, వెనక్కి తిప్పలేదు.

పత్రిక తర్వాతి సంచికకే చెవులాయన ఒక సవరణ పంపాడు. మూడో లైవ్ ఆల్బమ్‌లో దగ్గు లేదనీ, పొరపాటు తనదేననీ నాలుగు వాక్యాల్లో రాశాడు. నలభై ఒక్క మంది అభిమానులు కోపంగా జవాబు రాశారు. దగ్గు తమకు స్పష్టంగా వినపడుతోందట. చెవులు ఒకసారి చూపించుకోమని అందరూ మర్యాదగానే సలహా ఇచ్చారు.