ఈశాన్యానికి వాటం

బాత్రూంలో పోసుకున్న నీళ్లు తూములోకే పోవాలన్న మూఢనమ్మకం మన జనాన్ని ఇంకా వదల్లేదు! దేవరకొండలో ఎరువుల దుకాణం నడిపే అమరేందర్ మాత్రం ఆ దశ ఎప్పుడో దాటిపోయాడు. అయ్యలారా, అమ్మలారా, ఆయన ఇల్లు చూసి నేర్చుకోండి.

ఆ ఇంట్లో నేలకు పాత షాబాద్ బండలు ఉండేవి. ఏళ్ల తరబడి నూనె ఒలికి జిడ్డు పట్టిన బండలు. టైల్స్ వేసే ముందు వాటిని పీకాలని, లేదా జిడ్డు కడిగి ఉలితో గాట్లు కొట్టాలని కొందరు ఛాందసులు అంటారు. ఎందుకండీ అంత హింస? మేస్త్రీ ఏసోబు దయగల మనిషి. "ఊడ్సి సిమెంటు పెడ్దాం సేటూ, అదే పట్టుకుంటది," అన్నాడు.

పట్టుకుంది. కొన్ని చోట్ల! మిగతా చోట్ల కాలు పెడితే టైలు డొల్లగా టక్కుమంటుంది. ఇంట్లో ఎవరు ఎటు పోతున్నారో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఇక సీసీ కెమెరాలు పెట్టుకోవడం వట్టి దుబారా.

టైల్స్ ఎంపిక ఇంకో ముచ్చట. నార్కట్‌పల్లి హైవే పక్క షోరూములో అమరేందర్ భార్య కౌసల్య గరుకు టైలు మీద చెయ్యి పెట్టి, "గిది తీస్కుందామయ్యా. బిడ్డ కాన్పుకొస్తాంది, కాలు జారదు," అంది.

"గరుకుది బర్రెల కొట్టంల ఏస్తరే! సుట్టాలు చూస్తే ఇజ్జత్ ఉంటదా?"

నిజమే కదా, చుట్టాలు వచ్చేదే మన బాత్రూం చూడ్డానికి! వంగి అందులో చూసుకుని తల దువ్వుకునేంత తళతళలాడే రకం తెచ్చాడు. ఇల్లంతా అదే, వాకిట్లోనూ అదే. దాని మీద వేసిన ముగ్గు నిలవదు. గాలికి లేచి పక్కింటి గడప చేరుతుంది. ఇరుగుపొరుగు స్నేహానికి ఇంకేం కావాలి?

అసలు ఘనత మాత్రం వాటంలో ఉంది. నీళ్లు ఏ మూలకు జారాలో ఆ వైపు నేలకిచ్చే వాలునే వాటం అంటారు. బాత్రూంలో తూము పడమట ఉందని ఏసోబు అటు వాటం ఇవ్వబోతే అమరేందర్ మండిపడ్డాడు.

"నీళ్లు ఈశాన్యానికి పోవాలె! వాస్తు తెల్వదా?"

"నీ ఇష్టం సేటూ," అన్నాడు ఏసోబు.

ఈశాన్యంలో తలుపుంది. ఉంటే ఉండనివ్వండి! ఇప్పుడు ఒకరు స్నానం చేస్తే హాలు కూడా కడిగినట్టే. గంగమ్మ తనంతట తానే ఇంట్లోకి నడిచొస్తుంది. కౌసల్య గుడ్డ పట్టుకుని ఎదురెళ్తుంది. పొద్దస్తమానం వంగి లేస్తుంటే ఆమెకు జిమ్ము ఫీజు మిగిలినట్టు కాదా?

ఏడో నెలలో కూతురు ప్రవళిక పుట్టింటికి వచ్చింది. "అమ్మా, డాక్టరమ్మ రోజూ జరసేపు నడువుమన్నదే," అంది.

మర్నాడు పొద్దున అమరేందర్ స్నానం చేసి బయటికొచ్చాడు. నీళ్లూ ఆయన వెనకే వచ్చాయి. ప్రవళిక హాల్లో రెండడుగులు వేసిందో లేదో కాలు సర్రున జారింది. కౌసల్య గుడ్డ విసిరేసి బిడ్డను నడుం దగ్గర ఒడిసి పట్టుకుంది. పట్టుకోకపోతే? తలుచుకుంటే నాకే ఒళ్లు జల్లుమంటోంది.

కౌసల్య బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత మొగుడితో అంది:

"ఈశాన్యం సూసినవ్, ఇజ్జత్ సూసినవ్. ఇంట్ల తిరిగేటోళ్లను సూడకపోతివి."

ఆ పూటే కూతుర్ని తీసుకుని వెనక వీధిలోని తన అక్క హనుమమ్మ ఇంటికి వెళ్లిపోయింది. అక్కడంతా గరుకు గచ్చే.

చూశారా అదృష్టం! అమరేందర్ ఇంట్లో ఇప్పుడు నేల మీద ఒక్క అడుగు మరక లేదు. చుట్టాలు వస్తున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు, ప్రవళిక ఏదని అడుగుతున్నారు. ఆయన టైల్స్ రేటు చెబుతున్నాడు.

నిన్న సాయంత్రం మాత్రం హనుమమ్మ గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"బిడ్డ నడుస్తాందా?" అని అడిగాడు.

"నడుస్తాంది," అంది కౌసల్య. "ఈడైతే నడుస్తాంది."