లక్ష్మీరాజానికి బ్రంచ్ సన్మానం

బ్రంచ్ అంటే డబ్బున్నవాళ్ల తిండి అని లోకంలో ఒక అపోహ ఉంది. శుద్ధ అబద్ధం! బ్రంచ్ పుట్టిందే కార్మికుల కోసం. నమ్మకపోతే సూరత్‌లో లక్ష్మీరాజాన్ని అడగండి.

లక్ష్మీరాజానిది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్లుగా సూరత్ లింబాయత్ బస్తీలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. పొద్దుటి పూట అతనికి తెలిసిన టిఫిన్లు రెండే. చేతిలో చిల్లర ఉంటే గల్లీ మలుపులో బండి మీద లోచో అనే ఉడికించిన శనగపప్పు ముద్ద, లేకపోతే గదిలో రాత్రి మిగిలిన అన్నం.

అలాంటి మనిషిని 2021 ఫిబ్రవరిలో ఒక ఆదివారం కార్ఖానా చిన్న సేఠ్ జిగ్నేష్ భాయ్ స్వయంగా బ్రంచ్‌కి పిలిచాడు. డబ్బున్నవాళ్ల పేట వేసూలో కొత్తగా తెరిచిన కేఫ్‌కి! అదే గదిలో ఉండే రాజమౌళిని కూడా వెంట తెచ్చుకోమన్నాడు. సరిగ్గా పదకొండు గంటలకు రమ్మన్నాడు.

"పదకొండింటికి ఏం పెడ్తరన్నా? ఛాయ్ టైం దాటిపాయె, బువ్వ టైం కాకపాయె" అన్నాడు రాజమౌళి షేర్ ఆటోలో.

"సేఠ్ పిలిచిండు, పోవాలె. ఏది పెడితే గదే తిందాం" అన్నాడు లక్ష్మీరాజం. పైకి అలా అన్నాడు గానీ, లోపల గుబులుగానే ఉంది. ఇరవై ఆరేళ్లలో సేఠ్ పిలిచినప్పుడల్లా ఏదో ఒకటి పోయింది తప్ప వచ్చింది లేదు.

కేఫ్ గుమ్మం దగ్గరే మర్యాదలు మొదలయ్యాయి. నుదుటికి తుపాకీలాంటిది గురిపెట్టి జ్వరం చూశారు. చేతులకు సానిటైజర్ పోశారు. వేలికి క్లిప్పు పెట్టి ఊపిరి కొలిచారు. పెళ్లికొడుక్కి మాత్రం ఇంత మర్యాద జరుగుతుందా?

లోపల బల్లకీ బల్లకీ మధ్య ఆరడుగుల దూరం. లింబాయత్ గదిలో ఆ ఆరడుగుల్లో ముగ్గురు పడుకుంటారు! ఎంత జాగా వృథా అవుతోందో చూసి రాజమౌళి నొచ్చుకున్నాడు.

మెనూ కార్డు లేదు. బల్లకి అంటించిన నల్లగళ్ల బొమ్మను ఫోనుతో చూడాలట. లక్ష్మీరాజానిది బటన్ల ఫోను. ఎంత మేలో గమనించండి! ధర చూసి గుండె పట్టుకునే ప్రమాదం తప్పింది.

వడ్డించడానికి వచ్చిన అమ్మాయి పేరు కీర్తి. పుట్టి పెరిగింది సూరత్‌లోనే, భేస్తాన్‌లో. వీళ్ల మాట చెవిన పడగానే మాస్కు వెనక ఆమె కళ్లు నవ్వాయి.

"కాకా, తెలుగోళ్లా మీరు? మా డాడీ కూడా సాంచాల మీదనే. కోరుట్ల మాది."

"గట్లనా బిడ్డా! జర చెప్పు, ఈ బ్రంచ్ అంటే ఏంది?"

"బ్రేక్‌ఫాస్ట్, లంచ్ దోనోం ఏక్ సాథ్ కాకా. రెండు పూటలది ఒక్కపాలే తినుడు."

రాజమౌళి కళ్లు పెద్దవి చేశాడు. "గిదేనా? గిది మనం ఎప్పుడో చేసినం కదనే!"

అక్షరాలా నిజం. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, లింబాయత్ గదిలో ఎనిమిది మంది కలిసి నెల రోజుల పాటు బ్రంచ్ చేశారు. ఉన్న బియ్యం ఒక్క పూటకే వస్తాయి. పొద్దున్నే తింటే రాత్రి కడుపు కాలుతోంది. రాత్రి తింటే పగలంతా కళ్లు తిరుగుతున్నాయి. చర్చించి, చర్చించి పదకొండు గంటలు ఖాయం చేశారు. వేసూ వాళ్లకు ఆ సంగతి తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది!

ఆ బియ్యం కూడా అయిపోయిన రోజు లక్ష్మీరాజం పోలీసుల కన్నుగప్పి సేఠ్ ఇంటిదాకా నడిచివెళ్లాడు. మేడ మీద కిటికీలో జిగ్నేష్ భాయ్ కనిపించాడు. "సేఠ్, రెండు రోజులాయె తినక. ఎనిమిది మందిమి ఉన్నం. బియ్యం ఇప్పియ్యి" అని హిందీలో, ఒక్క తప్పు లేకుండా, చేతులు జోడించి చెప్పాడు. "ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి" అని దీవించి జిగ్నేష్ భాయ్ కిటికీ మూసుకున్నాడు. మే నెలలో రైళ్లు వేశాక కార్ఖానాలోని నలభై మంది కార్మికులూ ఊళ్లకు వెళ్లిపోయారు. ఊళ్లో పని దొరక్క సంక్రాంతి ముందు తిరిగొచ్చినవాళ్లు పదకొండు మంది.

అదీ ఈ బ్రంచ్ వెనకున్న ప్రేమ. పెళ్లిళ్ల సీజన్‌కి చీరల ఆర్డర్లు పొంగి పొర్లుతున్నాయి. నడిపే చేతుల్లేక సాంచాలు మూగపోయి ఉన్నాయి.

జిగ్నేష్ భాయ్ వచ్చాడు. ఇద్దరి భుజాలు తట్టబోయి, కరోనా గుర్తొచ్చి, గాల్లోనే తట్టాడు. కీర్తి వీళ్లను తెలుగులో పలకరిస్తూ రెండు పళ్లాలు తెచ్చింది. కాల్చిన రొట్టె మీద పచ్చటి ముద్ద, దాని మీద నాలుగు గింజలు. లక్ష్మీరాజం చెయ్యి పెట్టబోయాడు.

"ఆగు, ఆగు! ముందు వీడియో" అన్నాడు జిగ్నేష్ భాయ్. "మీ ఊళ్లలో నీ మాటంటే గురి. పళ్లెం పట్టుకుని మీ భాషలో చెప్పు. సేఠ్ మమ్మల్ని ఇంటి మనుషుల్లా చూస్తున్నాడు, అందరూ వచ్చేయండి అని. నవ్వుతూ చెప్పాలి."

లక్ష్మీరాజం పళ్లెం వైపు చూశాడు. కాదంటే రేపటి నుంచి కార్ఖానా గేటు తెరుచుకోదు. ఔనంటే, తన మాట నమ్మి మిగిలిన ఇరవై తొమ్మిది మందీ మళ్లీ రైలెక్కుతారు. మాస్కు కిందికి లాగి, పళ్లెం ఎత్తిపట్టుకుని, నిండుగా నవ్వాడు.

"తమ్ముళ్లారా, బాగున్నరా? సేఠ్ నాకు ఇయ్యాల రొట్టె పెడుతుండు. గీ రొట్టెను చూసి మాత్రం రాకుండ్రి. పోయినేడు మనం ఎట్ల పస్తులున్నమో యాదికుంది గదా? మల్ల పని ఆగితే రెండు నెలల రాషన్ ఇస్తనని కాయిదం మీద రాసిమ్మనుండ్రి. రాసిచ్చినంకనే రైలెక్కుండ్రి. అందాక పొలం కాడనే ఉండుండ్రి. నమస్తే!"

రాజమౌళికి నవ్వాగలేదు. ఆపుకోబోతే దగ్గయింది. ఆ రోజుల్లో దగ్గంటే మాటలా? చుట్టుపక్కల బల్లలన్నీ ఇంకో ఆరడుగులు జరిగాయి!

జిగ్నేష్ భాయ్ మాత్రం కదల్లేదు. అతని చెవికి ఒక్క మాట చిక్కింది. "రాషన్ అన్నాడేంటి?" అని కీర్తి వైపు తిరిగాడు. "నువ్వు తెలుగు పిల్లవేగా? ఏమన్నాడు?"

లక్ష్మీరాజం పళ్లెం బల్ల మీద పెట్టేశాడు.

కీర్తి లక్ష్మీరాజం వైపు చూసింది. ఆ ఏప్రిల్‌లో భేస్తాన్‌లోనూ ఒక ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. "సార్, లాక్‌డౌన్‌లో మీరు రాషన్ ఇచ్చి అందరినీ బతికించారని చెప్పాడు" అంది హిందీలో.

జిగ్నేష్ భాయ్ ముఖం మీద చిన్న సందేహం కదిలింది. కాసేపటికి అది కరిగిపోయింది. "అవును మరి, ఇచ్చాం కదా!" అన్నాడు. ఆ క్షణం నుంచి ఇచ్చాననే నమ్మాడు. వీడియోను అక్కడే ఊళ్లకు పంపించాడు. గొప్పగా ఉందని మిగతా సేఠ్‌లకూ పంపాడు. వాళ్లు వాళ్ల కార్మికులకు పంపారు. మెట్‌పల్లి నుంచి జగిత్యాల దాకా వినని ఇల్లు లేదు.

రెండు వారాల్లో ఒక్క మనిషీ రాలేదు. ఫోన్లు మాత్రం వచ్చాయి, అందరిదీ ఒకటే కోరిక. జిగ్నేష్ భాయ్ తల పట్టుకుని లక్ష్మీరాజాన్ని పిలిపించాడు. "మీవాళ్లంతా రాషన్ కాగితం అడుగుతున్నారు. ఊళ్లో ఎవరో చెడగొడుతున్నారు!"

"అందుకెందుకు పరేషాన్ సేఠ్?" అన్నాడు లక్ష్మీరాజం, ఎంతో అమాయకంగా. "పోయినేడు ఎట్లనూ ఇచ్చినవు గదా. గదే జర కాయిదం మీద రాసియ్యి."

ఇవ్వలేదని ఎలా అంటాడు? రాసిచ్చాడు. హోలీకల్లా పందొమ్మిది మంది దిగారు. ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చి సగం సాంచాలు ఆగిపోయినప్పుడు బియ్యం బస్తాలు గది గుమ్మంలోకే వచ్చాయి. ఆ నెలలో ఎనిమిది మందీ రెండు పూటలా తిన్నారు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, బ్రంచ్‌ని ఎగతాళి చేయకండి. కార్మిక సంక్షేమానికి ఇంతకు మించిన పథకం లేదు. ప్రతి యజమానీ ఏడాదికోసారైనా కార్మికుల్ని పచ్చ రొట్టెకు పిలిచి, కెమెరా ముందు నాలుగు మాటలు చెప్పించాలి. ఒక్కటే జాగ్రత్త, వాళ్లు చెప్పేది యజమానికి అర్థం కాకూడదు.

కిటికీ కింద నిలబడి, అర్థమయ్యే భాషలో అడిగిన రోజు ఏమైందో చూశాం కదా!