దుర్గమ్మ యుద్ధానికెళ్ళిన రోజు వంటెవరు చేశారు?

లోకంలోని ఆడవాళ్ళందరిలో నిద్రపోతున్న దేవతను తట్టి లేపడం మైకు గారి వృత్తి. తన ఇంట్లో దేవత మాత్రం తనకంటే ముందే లేచి కాఫీ పెట్టేసి ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరదన్న అనుమానం ఆయనకు ఏనాడూ రాలేదు.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. మైకు లేకుండా మాట్లాడినా మైకులో మాట్లాడినట్టే ఉంటుంది కాబట్టి అందరికీ మైకు గారే. ఆఫీసుల్లో, కాలేజీల్లో, బ్యాంకుల్లో వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిస్తారు. అన్నింటిలోకీ బాగా ఆడేది ‘నీలోని దేవత’. చదువుకు సరస్వతి, సంపదకు లక్ష్మి, ధైర్యానికి దుర్గ. చివర్లో రెండు చేతులూ పైకెత్తి, “ఎక్కడో లేదమ్మా, మీలోనే ఉంది!” అంటే హాలు దద్దరిల్లిపోవాల్సిందే.

ఆ ఉపన్యాసం ప్రతిసారీ మొదట వాళ్ళ హాల్లోనే మోగుతుంది. భార్యను సోఫాలో కూర్చోబెట్టి ఆవిడ ముందు ఒకసారి చెప్పి చూసుకుంటే గానీ ఆయనకు నోరు పెగలదు. ఆవిడ బట్టలు మడతపెడుతూ, ఒక కన్ను గడియారం మీద వేసి వింటుంది. “ఇక్కడ జనం ఆవలిస్తారండీ, కాస్త కుదించండి. ఇక్కడ నీళ్ళు తాగండి, గొంతు ఆరిపోతోంది” అని చెబుతుంది. ఆవిడ నీళ్ళు తాగమన్న చోటే ఆయన తాగుతారు.

ఆవిడ ఉద్యోగం లాండ్రీలో. ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు అన్నీ అక్కడికే వస్తాయి. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ మామూలుగా ఒక మాట అంది.

“మేడం కొత్త బ్రాంచి పెడుతున్నారండీ. నన్ను చూసుకోమంటున్నారు.”

మైకు గారి చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. “అబ్బ! ఎంత సంతోషం!” అన్నారు, ఎవరో పోయిన కబురు విన్న గొంతుతో.

“ఊరికి అటు చివర. పొద్దున్నే ఆరింటికల్లా అక్కడుండాలి.”

“ఆరింటికా? మరి కాఫీ?”

“అక్కడ మిషనుందట.”

“అమ్మాయ్, వాడడిగేది నీ కాఫీ సంగతి కాదు” అంది పక్కనే పెరుగు కలుపుకుంటున్న ఆయన తల్లి. ఆ పెద్దావిడ నర్సుగా పనిచేసి రిటైరైంది. ఎక్కడ నొప్పో చెప్పకుండానే కనిపెట్టేస్తుంది.

వద్దు అనడానికి మైకు గారికి నోరు రాలేదు. ఆడవాళ్ళు ఎగరాలని ఊరంతా చెప్పుకుని బతికే మనిషి ఇంట్లో ఆవిడ రెక్కలు కత్తిరించాడంటే ఇంకెవరు పిలుస్తారు? కాబట్టి తను వద్దనకూడదు, వద్దని ఆవిడే అనాలి. అందుకు దేవతలనే పురమాయించాలని నిశ్చయించుకున్నారు. రాక్షసుల్ని చంపే తల్లులున్నట్టే నోరెత్తని తల్లులూ ఉంటారు కదా!

మర్నాడు భూదేవిని దింపారు.

“అసలైన శక్తి అంటే ఓర్పోయ్. భూదేవిని చూడు. అంత బరువు మోస్తుంది, ఒక్క మాటంటుందా?”

“మాటేమీ అనదండీ. అప్పుడప్పుడూ ఒకసారి కదులుతుంది. ఆ తర్వాత ఇళ్ళుండవు” అంది ఆవిడ, ఆయన చొక్కాకు గుండీ కుడుతూ.

ఆ మర్నాడు లక్ష్మీదేవి వంతు. “అంతటి సిరుల తల్లి! అయినా విష్ణుమూర్తి పాదాల దగ్గరే కూర్చుంటుంది. అదీ వినయం!”

“ఒకసారి అలిగి వెళ్ళిపోతే ఆయనే వైకుంఠం వదిలేసి వెతుక్కుంటూ భూమ్మీదికొచ్చాడు కదండీ. కొత్త బ్రాంచి అడ్రసు చెప్పి ఉంచనా, దేనికైనా మంచిది?”

ఇక లాభం లేదని అన్నపూర్ణను పట్టుకొచ్చారు. “సాక్షాత్తు పరమశివుడే ఆవిడ ముందు చెయ్యి చాచాడు. వంటింటికి ఉన్న గొప్పతనం అదీ!”

“గిన్నె పట్టుకుని ఆయనే వచ్చాడు కదండీ. కుర్చీలో కూర్చుని ‘ఏమోయ్, ఇంకా కాలేదా’ అని కేకలెయ్యలేదు.”

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, “రేపెవర్నిరా తెస్తున్నావు?” అని ఆసక్తిగా అడిగింది.

ఇంట్లో గెలవడం తన వల్ల కాదని మైకు గారికి అర్థమైంది. కానీ వేదికెక్కితే తనను ఓడించినవాడు లేడు. వెంటనే లాండ్రీ మేడంకు ఫోన్ చేసి, మీ సిబ్బందికి ఉచితంగా ఒక ఉపన్యాసమిస్తానన్నారు. ఆవిడ అంతకన్నానా అంది. ‘ఓర్పే శక్తి’ అని పేరు పెట్టి, ఇల్లు విడిచిపెట్టని ఇల్లాలే అసలైన దేవత అని తేల్చేలా కొత్తగా అల్లారు. పదిమందీ చప్పట్లు కొడుతుంటే తన భార్య కళ్ళు తుడుచుకుని, మేడం, ఆ బ్రాంచి నాకొద్దు అనడం ఒక్కటే తరువాయి.

అంతా బాగానే ఉంది గానీ అలవాటు మనిషిని ఊరుకోనివ్వదు. ఉపన్యాసం ముందు రోజు సాయంత్రం ఆయన భార్యను సోఫాలో కూర్చోబెట్టి మొత్తం వినిపించారు. లేడి కోసం తవ్విన గోతిని లేడికే చూపించి, లోతు సరిపోయిందా అని అడిగారన్నమాట.

ఆవిడ ఒక్క చోట కూడా అడ్డు చెప్పలేదు. “బాగుందండీ. భూదేవి అయ్యాక నీళ్ళు తాగండి. సరస్వతి దగ్గర ఒకసారి. చివర్లో ఇల్లే గుడి అన్నాక ఒకసారి” అంది. ఎంత అమాయకురాలో అని మైకు గారికి జాలి కూడా వేసింది.

లాండ్రీలో మడతల గదే సభాస్థలి. పొడుగాటి బల్లలు గోడకు జరిపి, దుప్పట్ల కట్టలు పక్కకు నెట్టి కుర్చీలు వేశారు. యంత్రాలు ఆపినా గదిలో ఆవిరి వాసన పోలేదు. ముందు వరసలో మేడం, వెనక వరసలో ఆయన భార్య, మధ్యలో పనివాళ్ళందరూ కూర్చున్నారు. మైకు గారు గొంతు సవరించుకుని అందుకున్నారు. భూదేవి ఓర్పు గురించి చెబుతుంటే ఆయన కళ్ళే చెమ్మగిల్లాయి. ఆగి, గ్లాసు అందుకున్నారు.

అదే అదనుగా పనివాళ్ళలోంచి ఇస్త్రీ అక్క లేచింది. “సార్, దుర్గమ్మకి అన్ని చేతులెందుకండీ?”

“మంచి ప్రశ్న! ఆడది ఎన్ని పనులైనా ఒక్కతే చక్కబెట్టుకోగలదని.”

“మరి ఏ చేతిలోనూ చీపురు లేదేంటి సార్? గరిటె కూడా లేదు. అన్నీ ఆయుధాలే.”

నవ్వులు లేచాయి. “ఆ ఆయుధాలెక్కడివి సార్?” అని వదలకుండా అడిగింది.

“దేవుళ్ళిచ్చారమ్మా, తలా ఒకటి.”

“ఇస్తూ, ఎందుకమ్మా నీకివన్నీ, హాయిగా ఇంట్లో ఉండక అని ఎవరైనా అన్నారా?”

“అనలేదు” అని ఒప్పుకుని మైకు గారు గబగబా సరస్వతిలోకి దూకారు. అక్కడ మళ్ళీ గ్లాసెత్తగానే మరకల పిన్ని నిలబడింది. ఎంత మొండి మరకనైనా వదిలించే మనిషి.

“బ్రహ్మగారికి నాలుగు నోళ్ళు కదండీ. నాలుగు కాఫీలు పెట్టిచ్చాకే ఆ తల్లి వీణ ముట్టుకునేదా?”

మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మైకు గారు మధ్యలో నాలుగు పేజీలు మింగేసి, “కాబట్టి ఇల్లే గుడి!” అని అరిచి గ్లాసెత్తారు. నీళ్ళయిపోయాయి.

ఇస్త్రీ అక్క మళ్ళీ లేచింది. “ఒకే ఒక్క డౌటు సార్. దుర్గమ్మ యుద్ధానికెళ్ళిన రోజు ఇంట్లో వంటెవరు చేశారు?”

మైకు గారు వెనక వరస వైపు చూశారు. భార్య ఇంట్లో కూర్చున్నట్టే, ఒక కన్ను గడియారం మీద వేసి కూర్చుని ఉంది. ప్రశ్నలన్నీ ఆవిడ నీళ్ళు తాగమన్న చోటే ఎందుకొచ్చాయో అప్పుడు వెలిగింది ఆయనకు.

“శివుడే చేసుకుని ఉంటాడు” అన్నారు నీరసంగా. అదీ మైకులోనే.

ఆయన జీవితంలో అన్ని చప్పట్లు ఎప్పుడూ పడలేదు. మేడం లేచి నిలబడింది.

“మీ ఆవిడ ఒకటే షరతు పెట్టారండీ. మీరు పదిమందిలో సరేనంటేనే బ్రాంచి తీసుకుంటానన్నారు. ఇంట్లో సరేనంటే పొద్దున్నకి మర్చిపోతారట. ఏమంటారు మరి?”

“ఇందులో అనేదేముందండీ” అన్నారు మైకు గారు. “వెళ్ళమనే కదా, ఇంతసేపూ నేను చెప్పింది!”

ఇంటికి నడుస్తూ దారిలో కనిపించిన రాయినల్లా ఆయన కాలితో తన్నారు. అది చూసి ఆవిడకే కంగారు పుట్టింది.

“కోపమొచ్చిందా?”

“సూటిగా అడగొచ్చుగా నన్ను?”

“అడిగానుగా. మీరు భూదేవిని పంపారు.”

ఆయన తలొంచుకున్నారు. “కాఫీ ఒక్కటే కాదోయ్. నువ్వు తెల్లారకుండా వెళ్ళి, అలిసిపోయి వస్తావు. ఇక నా ఉపన్యాసం ఎవరు వింటారు? నువ్వు వినకపోతే నాకు భయం.”

ఆవిడ అడుగు నెమ్మదించింది. “నాకూ భయంగానే ఉందండీ. అంతమందితో పని చేయించడం నా వల్ల అవుతుందా అని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. కానీ ఎన్నేళ్ళుగా వింటున్నాను, మీలోనే ఉంది, మీలోనే ఉంది అని! వినీ వినీ, ఉందేమోననిపించింది. మీ మాటలు నిజంగా నమ్మింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.”

మైకు గారు ఆవిడ చేతిలోని సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకున్నారు.

కొత్త బ్రాంచి తెరిచిన రోజు ఆవిడ చీకటితోనే లేచి తయారైంది. మైకు గారు వీధి గేటుదాకా వచ్చి, గొంతు తగ్గించి, “నీలోనే ఉందోయ్” అన్నారు. ఆవిడ నవ్వి బస్సెక్కింది. ఆయన లోపలికొచ్చి, ఏ డబ్బాలో ఏముందో వెతికి వెతికి, పాలు పొంగించి, పొయ్యి తుడిచి, ఎలాగో ఒక కప్పు కాఫీ తల్లి ముందు పెట్టారు. ఆ ప్రశ్న, దానికి ఈయన చెప్పిన జవాబు అప్పటికే వీధంతా పాకిపోయాయి.

పెద్దావిడ ఒక గుక్క తాగి కప్పు దించింది.

“చల్లారిపోయిందిరా.”

“వేడి చెయ్యనా అమ్మా?”

“మళ్ళీ పొయ్యెందుకు వెలిగించడం, గ్యాసు దండగ” అంది పెద్దావిడ. “శివుడివి కదా! ఆ మూడో కన్ను కాస్త తెరువు, చాలు.”