కొమరలంక ఊపిరి

గ్యాస్ బావులు ఎండిపోయాక కొమరలంక విద్యుత్ కేంద్రాన్ని ఊరి జనం ఊపిరితో నడపడం మొదలుపెట్టారు. కేంద్రం నుంచి ఇంటింటికీ సన్నటి పసుపు రంగు గొట్టం వేశారు. పొద్దు గుంకే వేళ సైరన్ మోగితే ఇంటిల్లిపాదీ వంతులవారీగా అందులోకి ఊపిరి వదలాలి. ఎలాగూ వదిలేసే గాలే కనుక ఎవరికీ నష్టం లేదని అధికారులు చెప్పారు. జనం కూడా నిజమే కదా అనుకున్నారు.

పగలంతా ఆ ప్రాంతానికి ఎండ కరెంటు సరిపోతుంది. పొద్దు వాలగానే అది పడిపోతుంది. సరిగ్గా అప్పుడే నగరాల్లో దీపాలు, ఏసీలు వేస్తారు. బొగ్గు కేంద్రం వేడెక్కాలంటే ఒక పూట పడుతుంది. పిలిచిన వెంటనే లేచి నిలబడేది కొమరలంక ఒక్కటే.

కంట్రోల్ రూములో ఆపరేటరు అబ్బులు. అతని తల్లి అచ్చియ్యమ్మ ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మిషన్ మీద ఉంటోంది. మిషన్‌కు కరెంటు కావాలి, కరెంటుకు ఊపిరి కావాలి. అందువల్ల ఆమెకు మినహాయింపు ఇవ్వడం కుదరలేదు. సైరన్ మోగితే ముక్కుకు మిషన్ గొట్టం, నోటికి కేంద్రం గొట్టం పెట్టుకుని మంచం మీద కూర్చునేది. కోడలు వరాలు వీపు రాస్తూ ఉండేది.

వైశాఖంలో ఒక సాయంత్రం వడగాడ్పు తగ్గలేదు. నగరాల వాడకం ఎన్నడూ లేనంత పెరిగింది. ఎండకు సొమ్మసిల్లిన ఊరి జనం నుంచి మాత్రం ఊపిరి సరిగా రావడం లేదు. గ్రిడ్ ఆఫీసుతో ఫోన్‌లో మాట్లాడి, కేంద్రం ఇంజినీరు ఏఈ విజయకుమారి అబ్బులు వైపు తిరిగింది.

"మన ఊరి లైను తీసెయ్యి."

"మేడమ్, మాయమ్మ మిషను మీదుందండి. అసలీ కేంద్రం నడిచేదే మా ఊరోళ్ల ఊపిరితో కదండీ!"

"అందుకే తియ్యమంటున్నాను. కరెంటు పోతే జనం కంగారుపడతారు. కంగారులో వచ్చే నిట్టూర్పుకి వేడెక్కువ, కరెంటూ ఎక్కువ. తియ్యకపోతే గ్రిడ్డు మొత్తం పడిపోతుంది. అప్పుడు మీ అమ్మగారి మిషనూ ఆగుతుంది, ఆస్పత్రుల్లో మిషన్లూ ఆగుతాయి."

ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. అబ్బులు భార్యకు ఫోన్ చేశాడు.

"కరెంటు తీసేత్తన్నారే. అమ్మకి ఇసనకర్రతో ఇసురు."

"నువ్వక్కడుండి తీసేత్తావేంటయ్యా? ఆవిడికి ఊపిరాడద్దూ?" అని వరాలు అరిచింది.

అతను మీట దించాడు. ఊరు చీకటైంది. కంట్రోల్ రూము గోడ మీద ఇంటికొకటి చొప్పున ఉన్న ఊపిరి మీటర్లలో ముళ్లన్నీ పైకి లేచాయి. అన్నిటికన్నా పైకి లేచింది అబ్బులు ఇంటి ముల్లు. అది ఎగిరినప్పుడల్లా అమ్మ బతికే ఉందనుకున్నాడు. ఆగినప్పుడల్లా గోడకేసి చేతులు చాపాడు. నగరాల్లో ఒక్క దీపం కూడా ఆరలేదు.

లైను తిరిగి వేశాక అబ్బులు ఇంటికి పరుగెత్తాడు. అచ్చియ్యమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్లు మాత్రం తెరిచి అతనికేసి చూసింది.

మర్నాడు ఏఈ స్వయంగా వచ్చి అచ్చియ్యమ్మకు శాలువా కప్పింది. ఊరి మొత్తంలో ఆ ఇంటి నిట్టూర్పే శ్రేష్ఠమైనదని తేలిందట. ఇకపై రోజూ సైరన్‌కు ముందే ఊరి లైను తీస్తారట. గ్యాస్ వచ్చేదాకానే అని కూడా చెప్పింది. వీధిలో చేరినవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఏఈ వెళ్లాక అచ్చియ్యమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"నాకేం కాదురా. బెంగెట్టుకోకు." కాసేపు ఆయాసపడి, ఏదో ఆలోచించింది. "కాదులే, ఎట్టుకో. అదీ లేకపోతే మిషనుకి కరెంటేదీ?"

రాబోయే సాయంత్రం అబ్బులు కళ్ల ముందు నిలిచింది. గుండెల్లోంచి పెద్ద నిట్టూర్పు తన్నుకొచ్చింది. వరాలు గబగబా గొట్టం లాగి అతని నోటి దగ్గర పెట్టింది.

"ఇందులోకొదులయ్యా. వేస్టయిపోద్ది."

అబ్బులు వంగి, అందులోకి వదిలాడు.