మేడ మీద గోంగూర వైద్యం

మహబూబ్ బాషాకు దేవుడు రెండు ఇచ్చినాడు. పంపులు విప్పే చెయ్యి ఒకటి, పెళ్లాం మాట వినని చెవి ఒకటి. మొదటిదాంతో సౌదీలో, యాన్బులో రొట్టె తింటున్నాడు. రెండోదాని వల్ల ఆ రొట్టె తినేటప్పుడు తిట్లు తింటున్నాడు.

ఊరు ప్రొద్దుటూరు పక్క. ఏడో తరగతిలో బడికి సలాం కొట్టి, గల్ఫు చేరి, రిఫైనరీ కాంట్రాక్టులో ఫిట్టరైనాడు. పనంతా బయట, గొట్టాల నడుమ, ఎండలో. అదే కంపెనీకి ఏసీ వర్క్‌షాపు ఒకటి ఉంది. పాడైన పంపును బల్ల మీద పెట్టుకొని, కుర్చీలో కూర్చొని బాగు చేసుకోవచ్చు. అందులో ఒక చోటు ఖాళీ అయింది. యాభై దాటిన బాషా మోకాళ్లు ఆ చోటు కోసం నమాజులో కూడా మూలుగుతున్నాయి.

ఆ చోటు ఎవరికియ్యాలో చెప్పేది ఫోర్‌మన్ ఇష్తియాక్, నిజామాబాదు మనిషి. లంచమంటే మంట, గోంగూర మటనంటే ప్రాణం. ఇంట్లో పండిన గోంగూర కళ్ల ముందే కోసి, వండి పెడితే కుర్చీ నడుచుకుంటూ వస్తుందని బాషా ఎత్తు వేసినాడు. దుకాణంలో కట్టలు దొరుకుతాయి గదా అన్నది భార్య ఫక్రున్నీసా. దుకాణం కట్ట ఎవడైనా తెస్తాడు, దానికి కుర్చీ ఎవడిస్తాడు అన్నాడు.

ఊరి విత్తనం బాల్కనీలో ఆరు కుండీల్లో మొలిచి, అయిదు వేళ్ల ఆకులు వేసింది. అది చూసి బాషాకు గుండె జారింది. దూరం నుంచి చూస్తే అచ్చం గంజాయి ఆకే. ఈ దేశంలో ఎవడన్నా పొరబడితే, అది పులుసులో వేసుకునేదని చెప్పుకొనేలోగా మనిషి పులుసయిపోతాడు.

అందుకని కుండీలు పడకగదిలోకి వచ్చినాయి. కిటికీ మూసినాడు, పరదా లాగి పిన్నులు పెట్టినాడు. ఎండ లేదని పెద్ద దీపం వేలాడదీసినాడు. దీపం వేడిగా ఉందని ఏసీ పెంచినాడు. గోంగూర పడకగదిలో, మొగుడూ పెళ్లాలు హాల్లో చాప మీద.

ఫక్రున్నీసా మిరపతోట కౌలు చేసినాయన బిడ్డ. పూత రాకముందే కోసెయ్యమని చెప్పింది, పూతొస్తే ఆకు ముదురుతుందని. పూలుంటే ఫోర్‌మన్ కంటికి ఇంపుగా ఉంటుందని ఈయన వినలేదు. అక్టోబరులో పూసింది. పసుపచ్చ పూలు, నడుమ ఎర్రబొట్టు. బాషా మురిసిపోయి, వచ్చే శుక్రవారం దావతని ఇష్తియాక్‌కు చెప్పేసినాడు.

సోమవారం ఆకుల నిండా తెల్లచుక్కలు. తిప్పి చూస్తే కింద సన్నటి సాలెగూడు, గూట్లో సూదిమొనంత ఎర్రపురుగులు.

"ఏసీ గాలికి, దీపం వేడికి గది పొడిబారింది. ఈ పురుగుకు తడి లేకుంటే పండగ" అన్నది ఫక్రున్నీసా. "తినే ఆకు, మందు కొట్టొద్దు. పూత మీద ఉండాది, వేపనూనె కొట్టొద్దు. బాగా పట్టిన ఆకులు తుంచేసి, బాత్‌రూములో ఆకు కిందిపక్క నీళ్లు జోరుగా కొట్టు. రోజూ కొట్టల్ల."

"పురుగుకు యాడన్నా స్నానం పోస్తారా?"

"మరి నువ్వేం చేస్తావు?"

యాన్బుకు రాకముందు రియాద్‌లో, సులై లేబర్ క్యాంపులో, బాషా ఎనిమిదేళ్లు నల్లులతో కాపురం చేసిన మనిషి. అక్కడ శుక్రవారం వస్తే పరుపులన్నీ ఎండకు తీసి, నల్లి పిల్లతో సహా వేయించేవాళ్లు. ప్రపంచంలో ఏ పురుగుకైనా అదే మందని ఆయన నమ్మకం. పెళ్లాం బతిమాలితే బాగా చెడిపోయిన రెండు కుండీలు ఆమె మొహాన కొట్టి, నాలుగు మేడెక్కించినాడు. అది కూడా మూడంతస్తులు, మెట్ల మీద.

మేడ మీద ఎవరి కంటా పడకుండా చుట్టూ నాలుగు దుప్పట్లు ఆరేసినాడు. అవి గాలికి లేస్తాయని పనికి సెలవు పెట్టి, నెత్తిన తడి తువ్వాలతో తానే కాపలా నిలబడ్డాడు.

మంగళవారం పురుగులు రెండింతలైనాయి. చావడానికి బయటికొస్తున్నాయిలే అనుకున్నాడు. బుధవారం పూత రాలింది. గురువారానికి ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు గూళ్లు అల్లుకొని, వాటి మీద పురుగులు చుట్టపుచూపుగా పోయొస్తున్నాయి. సాయంత్రానికి నాలుగు పుల్లలు మిగిలినాయి. బాషా ముక్కు తోలు ఊడి వంకాయ రంగుకొచ్చింది.

శుక్రవారం జుమ్మా నమాజయి ఇష్తియాక్ రానే వచ్చినాడు. ఏ మొహంతో చెప్పాలా అని బాషా నీళ్లు నములుతుంటే, ఫక్రున్నీసా బాత్‌రూము తలుపు తీసింది. రెండు కుండీలు. ఆమె మొహాన కొట్టినవే, తడితడిగా, పచ్చగా, పూలతో సహా. ఇష్తియాక్ మురిసిపోయి తన చేత్తోనే లేత చిగుళ్లు కోసినాడు. కూర ఉడికింది. మూడుసార్లు పెట్టించుకున్నాడు.

చేతులు కడుక్కొని అడిగినాడు. ఆయన భార్య సబీనా మిరప కుండీలకూ ఇదే పురుగు పట్టిందట. "నువ్వెట్ల బతికించినవ్ బాషా?"

ఫక్రున్నీసా మొగుడి వైపు చూసింది. చెప్పడానికి ఆయనకు చాలా టైమిచ్చింది.

"ఎండ వైద్యం భాయ్" అన్నాడు బాషా. "మూడు దినాలు మిట్టమధ్యాహ్నం మేడ మీద పెట్టి, పక్కనే నేనూ నిలబడినా."

"గింత ఎండల? నీకేం కాలే?"

"నాకేం భాయ్. ఎండ నాకు అలవాటే."

ఇష్తియాక్ పళ్లు కుట్టుకుంటూ తలూపినాడు. "మంచిగైంది. నీ మోకాళ్ల సంగతి విని లోపలికి తీసుకుందామనుకున్న. మూడు దినాలు ఎండల నిలబడెటోనికి కుర్చీ ఎందుకు? రేపటి సంది ట్యాంకుల కాడికి పో. ఆడ ఎండల నిలబడెటోళ్లు దొరుకుతలేరు."

ఆయన మెట్లు దిగినాక బాషా పెళ్లాం మీద లేచినాడు, నోరెందుకు తెరవలేదని.

"నువ్వు చెప్తాండావు గదా, మధ్యలో నేనెందుకని."

"సబీనాకు ఫోన్ చేసి నిజం చెప్పు. ఆమె చెబితే ఆయన వింటాడు."

"బుధవారమే చెప్పినా. అప్పట్నుంచి ఆ మిరప చెట్లకు నీళ్లు కొడుతున్నది ఆయనేనంట."

బాషా చాప మీద కూలబడి అడిగినాడు, అయితే వాడికి ముందే తెలుసా అని. ఫక్రున్నీసా ఎంగిలి పళ్లాలు తీసుకొని వంటింట్లోకి పోయింది.

శనివారం తెల్లారి డ్యూటీ బస్సు రాకముందే బాత్‌రూములో నీళ్ల చప్పుడు. బాషా గొంతుక్కూర్చుని, ఒక్కో ఆకూ తిప్పి కిందిపక్క నీళ్లు కొడుతున్నాడు. మోకాళ్లు రెండూ కూస్తున్నాయి. ఫక్రున్నీసా తలుపు దగ్గర నిలబడి, పూత మీద పడకుండా కొట్టమన్నది.

"తెలుసులే" అన్నాడు.

తెలిసి ఒక్క రాత్రే అయింది.