మచ్చలేని బోధకులు

ఒక పెద్ద అడవిలో రోడ్డు ముందు వచ్చింది, జీపులు తర్వాత వచ్చాయి, వాటిని నడపడం నేర్పే ఎలుగుబంటి నూకాలమ్మ ఆ తర్వాత వచ్చింది. సర్టిఫికెట్టు అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. వచ్చి అందరికన్నా ముందు వరసలో కూర్చుంది.

రోడ్డు వేసింది ఓ కలప కాంట్రాక్టరు. ఒక మధ్యాహ్నం ఏనుగులు గుంపుగా పలకరించడానికి వెళ్తే, మర్యాదకైనా ఆగకుండా మూడు జీపులూ వదిలేసి వెళ్ళిపోయాడు. పెట్రోలు సంగతి అడక్కండి. కథల్లో జీపులు కథ మీదే నడుస్తాయి.

నూకాలమ్మ ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగు నేర్పుతోంది. ఆవిడ పద్ధతి ఆవిడది. పొద్దున్నే స్నానం చేసి, జీపు బానెట్టుకి ఇంత కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని అప్పుడు ఎక్కేది. మొదటి పది రోజులూ ఎవరినీ ఇంజను స్టార్టు చెయ్యనిచ్చేది కాదు. జీపుని వాలులో నిలబెట్టి, ముందు చక్రానికి రాయి అడ్డం వేసి, "తొక్కు. వదులు. మళ్ళీ తొక్కు," అని బ్రేకు ఒక్కటే నేర్పేది.

"నడపడం ఎప్పుడు నేర్పుతావు పెద్దమ్మా?" అని కుందేళ్ళు విసుక్కునేవి.

"ఆపడం వచ్చినవాడికి నడపడం దాని వెనకాలే వస్తుంది నాయనా. నడపడం ముందు వచ్చినవాడికి చెట్టు ఎదురొస్తుంది."

పదకొండో రోజున బండి కదిలేది. నేర్చుకునేవాళ్ళు కుడివైపు, నూకాలమ్మ ఎడమవైపు. ఆవిడ కాళ్ళ దగ్గర, నేర్పేవాళ్ళ కోసం పెట్టే రెండో బ్రేకు ఉండేది. చింతకర్ర చెక్కించి తనే వేయించుకున్న పెడలు అది. అడవిలో సగంమంది ఆ పెడలు చలవ వల్లే నాలుగు కాళ్ళతో తిరుగుతున్నారు. ఎవరైనా దేనికైనా భయపడితే, "నూకాలమ్మ కాలు ఉందిలే," అనడం ఆ అడవిలో వాడుకైపోయింది.

నూకాలమ్మకి పిల్లాజెల్లా లేరు. తనదంటూ ఉన్నది ఆ ఎడమ సీటొక్కటే.

ఇలా ఉండగా మృగరాజుగారి బావమరిది, దుమ్ములగొండి, ఒక జీపుని తీసుకెళ్ళి వాగులో దింపింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రాజుగారి బావమరిదికి ఎలుగుబంటి నేర్పడమేమిటని అడగనే లేదు. జీపు పోయింది, బావమరిది తేలింది. సింహం విచారణకి ఆదేశించింది.

విచారణ నక్క పరబ్రహ్మంగారికి అప్పగించారు. ఆయన అంతకు ముందు ఒక ఏడాది వరదల కమిటీకీ, ఆ మరుసటి ఏడాది కరువు కమిటీకీ అధ్యక్షుడు. వరదా తగ్గలేదు, కరువూ తగ్గలేదు. నివేదికలు మాత్రం రెండూ దళసరిగా వచ్చాయి.

"ప్రభూ, తప్పు బావమరిదిగారిది కాదు," అన్నారు పరబ్రహ్మంగారు. "మన అడవిలో నేర్పేవాళ్ళకి నేర్పేవాళ్ళు లేరు. అసలు లోపం అక్కడుంది."

"మరి నూకాలమ్మ ఉందిగా?" అంది సింహం.

"ఆవిడకి ఎవరు నేర్పారు ప్రభూ?"

సింహం ఆలోచించింది. జవాబు తోచలేదు. జవాబు తోచనప్పుడు సంస్థ పెట్టడం రాజుల ఆనవాయితీ. అటవీ వాహన బోధకుల శిక్షణ సంస్థ వెలిసింది. దానికి పరబ్రహ్మంగారే డైరెక్టరు. నలభై రోజుల శిక్షణ, ఆ పైన పరీక్ష, ఆ పైన యోగ్యతాపత్రం. పత్రం లేనివాళ్ళు ఎడమ సీట్లో కూర్చుంటే అడవి దాటించేస్తామని దండోరా వేశారు.

నూకాలమ్మ పలకా బలపం పట్టుకుని వెళ్ళి ఆఖరి వరసలో కూర్చుంది. పక్కన తాబేలు కూర్మయ్య. జీపు ఎక్కడం మాట అటుంచి, జీపు వెళ్తుంటే తల బయటపెట్టి చూసి ఎరగడు.

మొదటి రోజే పరబ్రహ్మంగారు అడిగారు. "గేరు అనగానేమి?"

నూకాలమ్మ చెయ్యి గాల్లో పెట్టి ముందుకీ వెనక్కీ కదిపి చూపించింది.

"చేత్తో కాదమ్మా, నోటితో."

కూర్మయ్య లేచి, "వేగమునకును బలమునకును గల సంబంధమును నిర్దేశించు సాధనము గేరు," అన్నాడు.

"భేష్!" అన్నారు పరబ్రహ్మంగారు.

నూకాలమ్మ ఆ వాక్యం రాసుకుని ఇంటికెళ్ళి వందసార్లు వల్లించింది. మర్నాడు అప్పజెప్పబోతే మళ్ళీ చెయ్యే కదిలింది.

నలభై రోజుల్లో ఒక్కరోజు కూడా జీపు తాళం తియ్యలేదు. దానికి కారణం ఉంది. బోధకులు కాదల్చుకున్నవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఒక్క ప్రమాదం కూడా చేసి ఉండకూడదన్నది సంస్థ మొదటి నియమం. శిక్షణలో జీపు నడిపితే ఎవరి చేతిలోనో ఏదో జరగొచ్చు. అప్పుడు వాళ్ళు అనర్హులవుతారు. కాబట్టి అభ్యర్థుల మేలు కోరి జీపులకి గొలుసులు వేసి ఉంచారు.

పరీక్ష రోజున పరబ్రహ్మంగారు ఒక బల్ల మీద కూర్చుని, చేతుల్లో చాట ఒకటి పట్టుకున్నారు. స్టీరింగు అన్నమాట.

"ఇప్పుడు నేను మీ శిష్యుణ్ణి. నాకు డ్రైవింగు రాదనుకోండి. నేర్పండి చూద్దాం."

"అనుకోవడం ఎందుకండీ," అంది నూకాలమ్మ. ఎత్తిపొడుపు కాదు, అమాయకంగానే అంది. వెనక వరసలో కోతులు కిసుక్కుమన్నాయి. అయిదు మార్కులు తీసేశారు.

"సరే బాబూ. ముందు కుడికాలు బ్రేకు మీద పెట్టండి."

"ఆగండాగండి. పాఠ్యపుస్తకంలో ఒకటో అధ్యాయం ప్రారంభించుట. ఆపుట తొమ్మిదో అధ్యాయం. మీరు వరస తప్పుతున్నారు."

"ఎనిమిది అధ్యాయాలు అయ్యేదాకా ఆపకుండా ఎలాగండీ?"

మరో అయిదు పోయాయి. అయినా అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఆఖర్న ఫారం మిగిలింది. 'గతమందు ఎన్నడైనను ప్రమాదము చేసితిరా?' అని ఉంది అందులో.

నూకాలమ్మ కలం అందుకుంది. ఆ సీటు ఉండాలన్నా పోవాలన్నా ఆ ఒక్క గీత మీదే ఉందని ఆవిడకి తెలుసు. చివరికి ఇష్టదైవాన్ని తలుచుకుని, ఉన్నదున్నట్టు రాసింది. పదకొండేళ్ళ కిందట ఒక లేడిపిల్లకి నేర్పుతుంటే నెమలి ఒకటి అడ్డం వచ్చింది. లేడిపిల్ల కళ్ళు మూసుకుంది. తను బ్రేకు తొక్కి, స్టీరింగు లాగి, జీపుని పాముల పుట్టకి ఆనించింది. నెమలికి ఈక రాలలేదు. లేడిపిల్లకి గీత పడలేదు. జీపు దీపం ఒకటి పగిలింది.

"ఇది ప్రమాదం," అన్నారు పరబ్రహ్మంగారు.

"ప్రమాదం తప్పించానండీ."

"తప్పించినవి రాసే గడి ఈ ఫారంలో లేదు."

ఆ సంవత్సరం ముగ్గురికి యోగ్యతాపత్రాలు వచ్చాయి. బావిలో కప్ప, తొర్రలో గుడ్లగూబ, ప్రథమ శ్రేణిలో తాబేలు కూర్మయ్య. ముగ్గురి చరిత్రా అద్దంలా ఉంది. జీపు నడిపిన ప్రతివాడికీ ఏదో ఒక గీత ఉండనే ఉంది కనుక, వాళ్ళెవరూ నెగ్గలేదు.

నూకాలమ్మ దగ్గరే నేర్చుకున్న అడవిపంది పైడమ్మ ఆ సాయంత్రం మండిపడుతూ వచ్చింది.

"ఏటప్పా నీ తెలివి! 'లేదు' అని రెండచ్చరాలు గీకేస్తే నీదేం పోయేది? నెమలొచ్చి సాచ్చికం సెప్పేదా?"

"పుట్టకి తగిలించాక దిగి దణ్ణం పెట్టుకున్నానే పైడీ. లెంపలేసుకున్నాను కూడా. లెంపలేసుకున్నదాన్ని లేదని ఎలా రాయను?"

"అలాగైతే కూకో. లెంపలే నీకు కూడు పెడతాయి."

నూకాలమ్మ తెల్లారి లేచి స్నానం చేసింది. కుంకుమ భరిణె తీసింది. పెట్టడానికి బానెట్టు లేదు. భరిణె మూత పెట్టేసింది.

మంచి రోజు చూసి కొత్త బోధకుల తొలిపాఠం పెట్టారు. తొలి శిష్యుడు సాక్షాత్తూ మృగరాజు. అందరికీ కనిపించాలని జీపుని కొండదారి వాలులో నిలబెట్టారు. కింద మైదానంలో పందిరి వేసి, పిల్లాపాపలతో సహా అడవినంతా కూర్చోబెట్టారు. పందిరికి 'ప్రమాదరహిత బోధన' అని గుడ్డ కట్టారు.

వాహనపూజ ఘనంగా జరిగింది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు. అంతవరకు నూకాలమ్మ కూడా వాలు పక్కన నిలబడి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. కళ్ళు తెరిచేసరికి కోతి ఒకటి ముందు చక్రం కింద రాయి లాగేస్తోంది.

"బాబూ, రాయి తియ్యకండి!" అంటూ ఎదురెళ్ళింది. "ఈ జీపుకి చేతి బ్రేకు సగమే పడుతుంది."

"రాజుగారు ఎక్కే బండికి రాయి అడ్డమా? అపశకునం," అన్నారు పరబ్రహ్మంగారు.

కూర్మయ్య ఎడమ సీట్లో కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాడు. "అయినా అడ్డు ఉంది కదమ్మా. 'వాహనము కదలకుండునట్లు చక్రము క్రింద తగిన అడ్డు నుంచవలెను' అని రెండో పేజీలో ఉంది. ఒక్క చక్రానికే చాలు. ఇక్కడ నాలుగింటికీ ఉన్నాయి."

నూకాలమ్మ వంగి చూసింది. మళ్ళీ కూర్మయ్య మొహంలోకి చూసింది.

"అవి నిమ్మకాయలు నాయనా."

పరబ్రహ్మంగారు కూడా వంగి చూశారు. లెక్కపెట్టారు. "నాలుగున్నాయి. మీ రాయి ఒక్కటే. యోగ్యతాపత్రం లేనివారు సలహాలు చెప్పరాదు. పక్కకి తప్పుకోండి."

సింహం ఎక్కింది. జీపు కిర్రుమంది. కూర్మయ్య గొంతు సవరించుకుని చదివాడు. "ఒకటో అధ్యాయం. గేరును తటస్థస్థితికి తెమ్ము."

సింహం తెచ్చింది.

"చేతి బ్రేకును విడువుము."

సింహం విడిచింది.

నిమ్మకాయలు రెండు క్షణాలు చేతనైనంత చేశాయి. తర్వాత నాలుగూ ఒకేసారి చిట్లాయి. జీపు బయల్దేరింది. జనం చప్పట్లు కొట్టారు.

"బోధకా, చాలా హాయిగా ఉంది," అంది సింహం. కొంచెం దూరం పోయాక, "ఇప్పుడు ఆపడం ఎలా?" అంది.

"ప్రభూ, అది తొమ్మిదో అధ్యాయం. మనమింకా ఒకటిలో ఉన్నాం."

"తొమ్మిది తియ్యవయ్యా!"

కూర్మయ్య తీద్దామనే అనుకున్నాడు. కానీ పందిరి దగ్గర పడుతుండటం చూసి, పుస్తకంతో సహా డిప్పలోకి ముడుచుకుపోయాడు.

నూకాలమ్మ పరిగెత్తింది. ఎలుగుబంటి పరుగు చూడ్డానికి బావుండదు గానీ పనిచేస్తుంది. జీపుకి తలుపుల్లేవు. ఎడమ పక్క నుంచి ఎగిరి ఎక్కి, సీటు మీద ఏముందో చూసుకోకుండా కూలబడి, చింతకర్ర పెడల్ని బలంకొద్దీ తొక్కింది. జీపు ఒళ్ళు విరుచుకుని, అరిచి, జారి, ముందు వరసలో కూర్చున్న కుందేలు పిల్లల ముక్కులకి జానెడు దూరంలో ఆగింది. మూల గుంజకి మాత్రం తగిలింది. పందిరి నిదానంగా ఒంగి, 'ప్రమాదరహిత బోధన' పరబ్రహ్మంగారి మీద పడింది.

విచారణ వేశారు. గుడ్డ కింద నుంచి బయటికి తీశాక పరబ్రహ్మంగారే అధ్యక్షులయ్యారు. సంస్థ సంగతులు బాగా తెలిసినవారు మరొకరు లేకపోయారు.

"ప్రమాద సమయంలో బోధకుడి సీట్లో ఎవరు కూర్చుని ఉన్నారు?" అని అడిగారు.

"నేనేనండీ," అంది నూకాలమ్మ.

"కూర్మయ్య ఎక్కడున్నాడు?"

"నా కిందండీ."

"సీటు మీద ఉన్నది మీరు. బ్రేకు మీద కాలు మీది. కూర్మయ్య ఎవరికీ కనపడనే లేదు. రాసుకోండి. నూకాలమ్మకి ఇది రెండో ప్రమాదం. కూర్మయ్య చరిత్ర నిష్కళంకం."

అంతా సర్దుకునేదే, కానీ సింహం అడ్డం పడింది. "నిష్కళంకమో ఏమో, ఆ కాలు పక్కన లేకుండా నేను మళ్ళీ జీపెక్కను."

"నాకూ వొద్దు," అని జనంలోంచి పైడమ్మ అరిచింది. "మాకూ వద్దు," అన్నాయి కుందేళ్ళు.

పరబ్రహ్మంగారు మీసాలు దువ్వుకున్నారు. నియమం మారిస్తే సంస్థ పరువు పోతుంది. నూకాలమ్మ లేకపోతే రాజు ప్రాణం పోతుంది. రెండూ నిలబెట్టే ఉపాయం ఆయన ఆ పూటే రాసిచ్చారు. యోగ్యతాపత్రం లేనివాళ్ళు బోధకులు కాకూడదు గానీ, అభ్యర్థులు ఎవరైనా కావచ్చు. నూకాలమ్మని శాశ్వత అభ్యర్థిగా చేర్చుకున్నారు. ఆవిడ నేర్చుకోవడానికి వీలుగా ఎడమ సీటు ఇచ్చారు. బోధకుల్ని గౌరవంగా వెనక సీటుకి మార్చారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆవిడ స్నానం చేసి, బానెట్టుకి కుంకుమ పెట్టి ఎక్కుతుంది. వెనక కూర్మయ్య పుస్తకం చదువుతూ ఉంటాడు. ముందు నూకాలమ్మ మెల్లిగా, "తొక్కు. వదులు. మళ్ళీ తొక్కు," అంటూ ఉంటుంది. పాఠం అయ్యాక కూర్మయ్య హాజరుపట్టీలో ఆవిడ పేరుకి ఎదురుగా 'ఆశించిన పురోగతి లేదు' అని రాసి సంతకం పెడతాడు.

"ఇరవయ్యేళ్ళు నేర్పి ఇప్పుడు నేర్సుకోడమేటప్పా? సిగ్గుగా లేదా?" అని పైడమ్మ నిలదీసింది.

"సీటు దక్కింది కదే. ఆయన రాసుకునేది ఆయన రాసుకుంటాడు. ఎవరి పుణ్యం వాళ్ళది," అంది నూకాలమ్మ, కాలు పెడలు మీద నుంచి తియ్యకుండానే.

మరుసటి ఏడు మృగరాజుగారు కూర్మయ్యకి 'బోధకరత్న' బిరుదిచ్చి, శాలువా డిప్ప మీద కప్పారు.

పిల్లలకి చెప్పవలసిన నీతి ఒక్కటే: జన్మలో మచ్చ పడకూడదనుకుంటే పని నేర్చుకోకండి, పుస్తకం పట్టుకుని వెనక సీట్లో కూర్చోండి.